అమీబా నడక

కాళ్లు లేని ప్రాణి నడచుట యెట్లు? 1755లో న్యూరెంబర్గు నగరమందు రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ అను చిత్రకారుడు నీటిబొట్టులో క్షణక్షణము రూపము మార్చు చిన్న జీవి నొకదానిని చూచి, గ్రీకు పురాణములలోని కామరూపియగు ప్రోటియస్ పేరు దానికి పెట్టెను. ఆయన వృత్తి సూక్ష్మచిత్రములు వ్రాయుట. అట్టి కంటికి అది చిక్కుట వింత కాదు. అదియే నేటి మన అమీబా.

దేహమున ఒకచోట ఉబ్బు కలుగును, దానిని మిథ్యాపాదమందురు. లోని జీవద్రవ్యము దానిలోనికి ప్రవహించును. వెనుక భాగము ముడుచుకొని వచ్చి కలియును. ఇంతవరకు కంటికి కనబడునదే. ఈ ప్రవాహమును నడపు బలమేది యనునదే వివాదము.

తలతన్యతయే యని పందొమ్మిదవ శతాబ్ది చివర పలువురు నమ్మిరి. హైడెల్‌బర్గు ఆచార్యుడు బ్యూచ్‌లి ఆలివ్ నూనెను పొటాషు లవణముతో కలిపి నురుగుగా చేసి, ఆ బొట్లు అమీబావలెనే ప్రాకుట చూపెను. ప్రాణములేని నూనె ప్రాకినది! చూచినవారికి జీవరహస్యము చేజిక్కినట్లే తోచియుండును. కాని 1904లో అమెరికా శాస్త్రజ్ఞుడు జెన్నింగ్సు ఈ సొగసైన వాదమును పిడికెడు మసితో పడగొట్టెను. నూనెబొట్టు ముందునకు సాగునపుడు దాని పైపొర వెనుకకు జారవలెను. అమీబా వీపునకంటిన మసిరేణువులు మాత్రము ముందునకే పోయినవి. నీటితో నిండిన తోలుతిత్తిని నేలమీద దొర్లించినట్లు. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

1926లో మాస్టు వేరొక త్రోవ చూపెను. అమీబా వెలిపొర గడ్డకట్టిన జిగురు. లోపలిది పలుచని ద్రవము. వెనుకవైపు జిగురు సంకోచించి ద్రవమును ముందునకు నెట్టును. ముందు చేరిన ద్రవము జిగురుగా మారును. వెనుక జిగురు కరగి ద్రవమగును. మన ఇండ్లలో జంతికల గొట్టమును అదిమినపుడు పిండి వెలువడుటకును దీనికిని భేదము స్వల్పము. అయితే 1960లో ఆలెన్, ఆయన సహచరులు పెద్దజాతి అమీబాను సన్నని గాజుగొట్టములోనికి పీల్చి దాని పొరను చీల్చిరి. ప్రవాహము వెంటనే ఆగలేదు! గొట్టము పగిలిన పిమ్మట అదుముట యెక్కడిది? కావున ముందుభాగమే సంకోచించి లాగుచున్నదని ఆలెన్ వాదించెను.

తీర్పునకు సామగ్రి కండరములనుండి వచ్చినది. 1942లో హంగరీ దేశమున స్ట్రాబ్ కండరమునుండి ఏక్టిన్ అను ప్రోటీనును వేరుచేసెను. 1973లో పొలార్డు, కార్న్ అనువారు ఏక్టిన్‌కు జోడీయగు మయోసిన్‌లో ఒక వింత రకమును అకాంతమీబా అను అమీబాలో కనుగొనిరి. ఏక్టిన్ అణువులు ఒకదానికొకటి చేరి పోగులై పెరుగుచు ముందుపొరను నెట్టును. వెనుక మయోసిన్ ఆ పోగులను లాగి బిగించును. 1987లో డిక్టియోస్టీలియమ్ అను జీవికి కండరములలోని వంటి మయోసిన్‌ను లేకుండ చేసినను అది ప్రాకగలిగినది. ముందువైపు నెట్టుటకు గల ప్రాధాన్యము దీనివలన తేలినది.

ఇది చెరువునీటి వినోదము మాత్రమే కాదు. గాయము తగిలిన చోటికి మన తెల్లరక్తకణములు ఈ రీతినే ప్రాకిపోవును. 2008లో ఎలుకల తెల్లకణములనుండి, కణము పరిసరములను పట్టుకొనుటకు సాధనములైన ప్రోటీనులను తొలగించి చూచిరి. అవి చదునైన తలముపై కదలలేకపోయినను, కణజాలపు సందులలో చక్కగా సాగినవి. సందు మరీ ఇరుకైనపుడు మాత్రము గట్టిదైన కేంద్రకమును దూర్చుటకు వెనుకనుండి మయోసిన్ పిండవలసి వచ్చెను. మాస్టు చెప్పిన జంతికల గొట్టము అక్కడ మరల పనికి వచ్చినది.