సంకల్పము, మేరుదండము, జలము

యోగశాస్త్రము మేరుదండమున సుషుమ్నానాడిని చెప్పినది. అది సూక్ష్మము, వైద్యులు చూచు వెన్నుపాము స్థూలము. రెండింటిని ఒకటిగా భావింపరాదు. కాని స్థూలమార్గము మూసికొనిపోయిన దేహికి ఆలయప్రదక్షిణము సైతము దుర్లభమగును. మన నేల చరిత్రయే అందుకు సాక్షి.

నడువవలెనను సంకల్పము కలుగగా మెదడు పైపొరలోని నాడీకణములు ఆజ్ఞను పంపును. వాని తంతువులలో అధికభాగము మెదడు అడుగున కుడియెడమలు మారి వెన్నుపాములోనికి దిగును. అచ్చటి నాడీకణములు ఆ ఆజ్ఞను కండరములకు అందించును.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలకు క్రమముగా కృష్ణాజలము కాలువల వెంట చేరినది. పడమట దర్శి, పొదిలి, కనిగిరి మెట్టలకు ఆ భాగ్యము లేకపోయెను. రాతిపొరలలో ఊరిన బావినీరే వారికి ఆధారము. ఆ తాలూకాలు నాడు నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లాలో ఎముకలు బిగిసి నడుములు వంగు వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్ మొదలగు వైద్యులు ప్రకటించిరి. 1955లో సిద్దీఖీ నల్లగొండ రోగులను గూర్చి వ్రాసెను.

ఆ వ్యాధి ముదిరినచో ఎముక పెరిగి వెన్నుపాముండు నాళము ఇరుకగును. తంతువులు నలిగి కాళ్లు బిగిసి చచ్చుబడును. బుద్ధి నిర్మలము, సంకల్పము దృఢము; ఆజ్ఞ మాత్రము పాదములను చేరదు.

వంగిన వెన్ను మరల నిలుచుట కష్టము, నిరోధమే శరణ్యము. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కావున చలివేంద్రము పెట్టు పుణ్యాత్ములు ముందుగా ఆ నీటిని పరీక్ష చేయించుటయు జలదానధర్మములోని భాగమే.