కాల్షియంతో తెరుచుకునే అయాన్ ఛానెళ్లు

నాడీకణం పై పొరలో అయాన్లు దాటడానికి ప్రోటీన్ ద్వారాలుంటాయి. వాటిలో కొన్ని, కణం లోపల కాల్షియం పెరిగినప్పుడు తెరుచుకుంటాయి. ఇవే కాల్షియం ఉత్తేజిత అయాన్ ఛానెళ్లు. ఎక్కువ భాగం పొటాషియాన్ని బయటికి వదులుతాయి, కొన్ని క్లోరైడ్‌ను దాటనిస్తాయి. ఒకసారి స్పందించిన నాడీకణం మళ్లీ ఎంతసేపటికి స్పందిస్తుంది, వరసగా ఎన్నిసార్లు స్పందించి ఆగుతుంది అన్నది చాలావరకు వీటి మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పని కాల్షియానికే ఎందుకు దక్కిందంటే, కణంలో దానికున్న కరువు వల్ల. విశ్రాంతిలో ఉన్న నాడీకణంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం సుమారు 100 నానోమోలార్. బయటి ద్రవంలో అంతకు పదివేల రెట్లు ఎక్కువే. ఒక్క స్పందనలో దాటే సోడియం, పొటాషియం లోపలి నిల్వలను కదిలించలేవు. కాల్షియం మాత్రం ఏ కాస్త చొరబడినా దాని గాఢత ఒక్కసారిగా ఎగబాకుతుంది. అంటే కణం ఇప్పుడే స్పందించిందనడానికి లోపల మిగిలే ఆనవాలు అదే.

1952లో శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడీతంతువు కోసం రాసిన ప్రసిద్ధ సమీకరణాల్లో కాల్షియంతో తెరుచుకునే ఛానెల్ లేదు. తొలి ఆధారం దొరికింది నాడుల్లో కూడా కాదు. కాల్షియం చేరితే ఎర్ర రక్తకణాల నుంచి పొటాషియం కారిపోతుందని 1958లో హంగరీ శాస్త్రవేత్త గార్డోష్ చూపాడు. జీవితంలో ఒక్కసారీ నాడిలా స్పందించని కణంలో ఈ సంగతి బయటపడటం విచిత్రమే. 1970లో మీచ్, స్ట్రమ్‌వాసర్ అప్లీషియా అనే సముద్రపు నత్త నాడీకణంలోకి కాల్షియం ఎక్కించి అదే ధోరణి గమనించారు.

కాల్షియంతో తెరుచుకునే పొటాషియం ఛానెళ్లలో నాడుల విషయానికి ముఖ్యమైనవి రెండు: బీకే, ఎస్‌కే. బీకే ఛానెల్ వాహకత 200 నుంచి 300 పికోసీమెన్స్. పొటాషియం ఛానెళ్లలో ఇంత పెద్ద నోరున్నవి అరుదు. దీని తలుపుకు రెండు గడియలు: పొర వోల్టేజీ పెరగాలి, కాల్షియమూ రావాలి. అదీ మైక్రోమోలార్ల మోతాదులో కావాలి. అంత గాఢత కాల్షియాన్ని లోపలికి వదిలే ఛానెల్ ముంగిట్లోనే దొరుకుతుంది గనుక బీకే చాలాచోట్ల దాన్ని ఆనుకునే ఉంటుంది. స్పందన మొదలైన మిల్లీసెకనులోనే తెరుచుకుని దాన్ని ముగిస్తుంది. దీని జన్యువు ఈగల్లో దొరికింది. వేడి తగిలితే మందకొడిగా మారే పండ్ల ఈగలకు పరిశోధకులు స్లోపోక్, అంటే నత్తనడక అని పేరు పెట్టారు. 1991లో ఆ జన్యువును వేరుచేశారు.

ఎస్‌కే ఛానెల్ తీరు వేరు. వాహకత 10 పికోసీమెన్స్ చుట్టుపక్కల. వోల్టేజీతో పని లేదు. కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్ దీన్ని ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటుంది, కాల్షియాన్ని అందుకునేది అదే. ఒక మైక్రోమోలార్ కన్నా తక్కువైనా చాలు. స్పందన ముగిశాక కూడా ఇది తెరిచే ఉండి కణాన్ని కాసేపు అణచిపెడుతుంది.

మెదడులోని హిప్పోక్యాంపస్ నాడీకణంలోకి సన్నని గాజు సూదితో దాదాపు సెకను పాటు ఒకే తీరుగా కరెంటు ఇస్తే ఈ అణచివేత కంటికి కనిపిస్తుంది. తెరమీద మొదట నాలుగైదు స్పందనలు గుంపుగా వస్తాయి, తర్వాత ఎడం పెరుగుతుంది, ఆపై నిశ్శబ్దం. కరెంటు మాత్రం వస్తూనే ఉంటుంది. నారడ్రినలిన్ చేరిస్తే ఆ నిశ్శబ్దం చెదిరి కణం మళ్లీ మోగుతుందని పరిశోధకులు మాడిసన్, నికోల్ 1980ల తొలినాళ్లలో చూపారు. ఆ దీర్ఘ నిశ్శబ్దానికి అసలు కారణం ఏ ఛానెల్ అన్నది ఇంకా వివాదమే.

బీకే, ఎస్‌కే ఛానెళ్లను విడదీసి చూడటానికి విషాలే పనిముట్లయ్యాయి. తేనెటీగ విషంలోని అపమిన్ ఎస్‌కేను మూసేస్తుంది. బీకేను మూసే ఐబీరియోటాక్సిన్‌ను 1990లో భారతదేశపు ఎర్ర తేలు విషం నుంచి తీశారు. తెలుగు పల్లెల్లో రైతులను, పిల్లలను కుట్టే తేలు అదే. అయితే కుట్టినప్పుడు గుండె, ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు ప్రధానంగా ఆ విషంలోని వేరే పదార్థాల పని. అవి సోడియం ఛానెళ్లను పట్టి నాడులను రెచ్చగొడతాయి.

ఈ ఛానెళ్లను నాడికి కళ్లెం అనడం వాడుకే గానీ, ఆ మాట అన్నిచోట్లా అతకదు. బీకే ఛానెల్ మామూలు కన్నా సులువుగా తెరుచుకునేలా చేసే ఒక జన్యు మార్పు ఒక కుటుంబంలో మూర్ఛకు దారితీసిందని 2005లో తేలింది. కళ్లెం బిగిస్తే గుర్రం పరుగెత్తినట్టుంది. దీనికి ఇచ్చే వివరణ ఇది: స్పందన త్వరగా ముగిస్తే సోడియం ఛానెళ్లూ త్వరగా తేరుకుంటాయి, కణం మరో స్పందనకు ముందే సిద్ధమవుతుంది.

ముక్కులోని వాసన కణాల్లో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ లోపల క్లోరైడ్ ఎక్కువ. కాల్షియంతో క్లోరైడ్ ఛానెల్ తెరుచుకోగానే ఆ రుణావేశం బయటికి పోతుంది, ఉత్తేజం తగ్గడానికి బదులు హెచ్చుతుంది. ఈ ఛానెల్ లేకపోతే వాసనే తెలియదని అనుకోవచ్చు. కానీ 2011లో అది లేని ఎలుకలు వాసనలను దాదాపు మామూలుగానే పసిగట్టాయి. తర్వాత జరిగిన పరీక్షల్లో, అలవాటు లేని వాసన పట్టుకుని దాచిన ఆహారాన్ని వెతకడంలో మాత్రం అవి తడబడ్డాయి.