నల్లమల వేరుకు నాలుగు గంటలు

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి మార్కాపురం, గిద్దలూరు బజార్లలో షర్బత్ బండ్లు వెలుస్తాయి. గాజు గ్లాసులో నానిన సబ్జా గింజలు ఒక చెంచాడు, అర చెక్క నిమ్మరసం, ముదురు గోధుమ రంగు సుగంధి పాకం, ఆ పైన చల్లని నీళ్లో సోడానో. తాగకముందే వాసన ముక్కుకు తగులుతుంది. ఈ మధ్య నగరాల నుంచి సెలవులకు వచ్చే పిల్లలు ఇంట్లో ఐస్ టీ చేయమని అడుగుతున్నారు. చేసి పెట్టాల్సిందే. కానీ వేరును వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, చల్లార్చి, నెలల తరబడి దాచుకుని తాగే పానీయం ఈ ప్రాంతానికి ఎప్పటి నుంచో ఉంది. దాని కథ నల్లమలలో మొదలై లండన్ దాకా వెళ్లింది.

పశ్చిమ ప్రకాశం రుచులు కోస్తా కంటే సీమకే దగ్గర. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. పడమటి వైపు కొండలు దాటితే నంద్యాల. అటువాళ్లు నన్నారి అన్నా, ఇటువాళ్లు సుగంధి అన్నా వాసన ఒక్కటే. నిజానికి ఆ వాసన ఇచ్చే మొక్కలు రెండు. ఒకటి సన్నని వేళ్లుండే సుగంధిపాల తీగ. రెండోది లావుపాటి దుంపలుండే మారేడుగడ్డ, రాళ్ల సందుల్లో వేళ్లూనే మొండి తీగ. రెంటిలోనూ పరిమళానికి మూలం ఒకే పదార్థం. వెనిల్లాకు వాసననిచ్చే వెనిలిన్, ఈ పదార్థం రెండూ ఒకే పరమాణువులతో నిర్మాణమైనవే. అమరికలోనే తేడా.

మద్రాసులోని ఇంగ్లీషు వైద్యులు సుగంధిపాలను అమెరికా నుంచి వచ్చే సార్సపరిల్లాకు బదులుగా వాడారు. 1831లో ఆష్‌బర్నర్ అనే వైద్యుడు దాన్ని ఇంగ్లండు వైద్యుల దృష్టికి తెచ్చాడు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియా అనే ఔషధ గ్రంథంలో ఈ వేరుకు చోటు దొరికింది. ఆ గ్రంథ సంప్రదాయంలో పాకం చేసే పద్ధతి మన వంటింటికి అక్షరాలా పనికొస్తుంది. నలగ్గొట్టిన వేరు 4 ఔన్సులు, మరిగిన నీళ్లు 20 ఔన్సులు, చక్కెర 28 ఔన్సులు. మన లెక్కలో సుమారు 115 గ్రాముల వేరు, అర లీటరు పైచిలుకు నీళ్లు, 800 గ్రాముల చక్కెర. వేరు మీద మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి, నాలుగు గంటలు వదిలేయాలి. వడకట్టి, మడ్డి అడుగుకు చేరాక పై తేట వంచుకుని, చక్కెర కలిపి సన్నని సెగ మీద కరిగించాలి.

ఇందులో వేరును ఉడికించమని ఎక్కడా లేదు. మూత పెట్టమని మాత్రం ఉంది. ఎందుకంటే ఆ పరిమళం ఆవిరితో పాటు లేచిపోయే రకం. చాలా ఇళ్లలో రంగు బాగా దిగాలని వేరును గంటసేపు తెర్లబెడతారు. రంగు దిగుతుంది, వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది. అలా ఘుమఘుమలాడిన మేర సీసాలోకి రాదు. మారేడుగడ్డ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. దంచినప్పుడు పై కండ విడిపోయి నడుమ కట్టెలాంటి ఈనె మిగులుతుంది. వాసనంతా కండలోనే ఉంటుంది కాబట్టి ఈనె తీసి పారేయవచ్చు.

నిల్వ విషయానికి వస్తే, ఆ 28 ఔన్సుల చక్కెర తీపి కోసం మాత్రమే కాదు. తయారైన పాకం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే ఉంటుంది. అంత చిక్కదనంలో బూజుకూ పులుపుకూ కారణమయ్యే సూక్ష్మజీవులకు నీరు చిక్కదు. చక్కెర తగ్గించి చేసుకుంటే తప్పులేదు గానీ, అది ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం లోపల తాగేయాల్సిన పాకం. సరైన పాళ్లలో చేసినా కొన్ని సీసాల్లో పైన బూజు కడుతుంది. వేడి మీదే మూత బిగించడం దానికి ఒక కారణం. ఆవిరి మూత లోపలి వైపు చెమటలా పట్టి బొట్లుబొట్లుగా పాకం మీద రాలుతుంది. పై పొర పలచబడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. పూర్తిగా చల్లారాకే ఎండబెట్టిన గాజు సీసాలో పోయాలి. తడి గరిటె ముంచకూడదు. నిమ్మరసం సీసాలో కాక గ్లాసులో పిండుకోవాలి.

ఐస్ టీ సంగతీ చూద్దాం. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో భారత తేయాకు ప్రచారానికి వెళ్లిన రిచర్డ్ బ్లెచిండెన్, ఎండలకు వేడి టీ ఎవరూ తాగకపోతే మంచు వేసి ఇచ్చాడనీ, అలా ఐస్ టీ పుట్టిందనీ చెబుతారు. పుట్టిందన్నది నిజం కాదు. వర్జీనియా వంటల మీద మేరియన్ టైరీ 1879లో తెచ్చిన పుస్తకంలోనే మంచు వేసిన టీ ఉంది. ప్రదర్శన దానికి ప్రచారం తెచ్చిందంతే.

మన దగ్గర మంచు కథ వేరు. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు 1833లో ఓడెక్కి కలకత్తా చేరింది. మద్రాసు సముద్రపొడ్డున దాన్ని దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ వివేకానందర్ ఇల్లంగా నిలిచి ఉంది. ఆ మంచు దొరల బల్లల మీదికి పోయింది. నల్లమల అంచు పల్లెలకు చల్లదనమంటే మట్టికుండే.

ఈ ప్రాంతంలో ఐస్ టీ చేసేవాళ్లకు మొదటి చిక్కు నీళ్లే. ఇక్కడి బోరు నీళ్లలో చాలా చోట్ల కాఠిన్యం, ఫ్లోరైడ్ ఎక్కువ. నీటి కాఠిన్యానికి టీ మసకబారి పైన తెట్టు కడుతుంది. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. శుద్ధి చేసిన తాగునీళ్లే వాడాలి. ఆకును ఐదు నిమిషాలకు మించి ఉంచకుండా వడకట్టి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తాగేయాలి. ఫ్రిజ్‌లో మబ్బుపట్టినట్టయితే పాడైనట్టు కాదు. చల్లదనానికి టానిన్లు, కెఫీన్ జతకట్టడం వల్ల అలా అవుతుంది, కాసిని వేడినీళ్లు పోస్తే తేటపడుతుంది. సీసాలో ఆకు వేసి ఎండలో పెట్టే పద్ధతి మాత్రం మన ఎండలకు వద్దు. ఆ గోరువెచ్చదనం సూక్ష్మజీవులకు పండగ.

మళ్లీ వేరు దగ్గరికి వద్దాం, అసలు బాధ అక్కడుంది. పెద్దదోర్నాల, యర్రగొండపాలెం వైపు అడవుల్లో చెంచులకు దుంపలు తవ్వడం తరాల విద్య. కృష్ణకు అవతలి ఒడ్డు చెంచుల మధ్య తిరిగి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన పుస్తకం నిండా ఆ జీవితమే ఉంది. తినడానికి తవ్వినన్నాళ్లు అడవి తట్టుకుంది. బజారు కోసం తవ్వకాలు పెరిగాక మారేడుగడ్డ అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేరింది. ఆకు కోస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది, గడ్డ మొత్తం పెకలిస్తే తీగే ఉండదు. ఈ గడ్డల్లో ధాన్యానికి పట్టే పురుగును చంపే గుణం ఉందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. ఇంత విలువైన దాన్ని పొలం గట్ల మీద పెంచే ప్రయత్నం మన వైపు ఊపందుకోవాలి.

1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల నుంచి సరుకు కొంటుంది, నన్నారి షర్బత్‌ను సీసాల్లో అమ్ముతుంది. ఈ వేసవిలో రంగునీళ్ల సీసా కొనే ముందు వాళ్ల దుకాణం ఎక్కడుందో కనుక్కోండి. ఇంట్లోనే చేసుకుంటామంటే గడ్డలు ఒక సీసాకు సరిపడానే తెచ్చుకోండి. పెరట్లో చోటున్నవాళ్లు ఒక సుగంధిపాల తీగ నాటండి.