అస్తమించే ఉపగ్రహాలతో ఐనోస్ఫియర్ కొలత

కిందటిసారి అయనోసాండ్ గురించి చెప్పుకున్నాం. నేల మీంచి రేడియో అలల్ని పైకి పంపడం, ఐనోస్ఫియర్‌ని తాకి వెనక్కొచ్చేవాటిని పట్టుకోవడం. దాంతో ఓ చిక్కుంది. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లు బాగా దట్టంగా ఉంటాయి. ఆ పొర దాటిన అల ఇక తిరిగిరాదు. అంటే పైభాగం మనకి కనపడదు. సముద్రాల మీద పరికరం పెట్టే వీలూ లేదు. 1962లో కెనడావాళ్లు అలోయెట్ ఉపగ్రహంతో అదే పనిని పైనుంచి చేశారు కానీ, ఈ రోజు నేను చెప్పేది వేరే దారి.

అది అంగారకుడి దగ్గర మొదలైంది. 1965 జులైలో మారినర్ 4 ఆ గ్రహం చాటుకి వెళ్తుంటే, దాని రేడియో సంకేతం అక్కడి గాలిని ఒరుసుకుంటూ భూమికి చేరింది. ఆ సంకేతంలో వచ్చిన కొద్దిపాటి తేడాని బట్టే అక్కడి గాలి పీడనం మనదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదని తేలింది. అంగారకుడికీ ఐనోస్ఫియర్ ఉందని తెలిసింది.

మరి భూమికి? సంకేతం పంపేవాళ్లు కావాలి. జీపీఎస్ వచ్చాక ఆ కొరత తీరింది. 1995 ఏప్రిల్లో మైక్రోల్యాబ్-1 అనే చిన్న ఉపగ్రహంలో అమెరికావాళ్లు ఓ జీపీఎస్ రిసీవర్ పెట్టి పంపారు. ఆ ప్రయోగం పేరు జీపీఎస్/మెట్. రిసీవర్ వైపు నుంచి చూస్తే జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచున అస్తమిస్తూ ఉంటుంది. కిరణం ఒక్కో పొరనీ కోసుకుంటూ కిందికి దిగుతుంది. రెండు పౌనఃపున్యాల మీద ఐనోస్ఫియర్ ప్రభావం వేరువేరుగా ఉంటుంది. ఆ తేడాయే దారిలో ఉన్న ఎలక్ట్రాన్ల లెక్క. దారి వెతుక్కునేవాళ్లకి అది పొరపాటు, వీళ్లకి అదే పంట! తమాషా ఏంటంటే, రెండో పౌనఃపున్యం మీది సంకేతాన్ని మిలిటరీ రహస్య లిపిలో పంపేది. ఈ ప్రయోగం కోసం కొన్ని వారాలపాటు ఆ తాళం తీసిపెట్టారు.

2006లో తైవాన్, అమెరికా కలిసి కాస్మిక్ పేరుతో ఆరు ఉపగ్రహాలు పంపాక, రోజుకి వెయ్యికి పైగా కొలతలు రాసాగాయి, సముద్రాల మీద కూడా.

అయితే నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది. లెక్క కట్టేటప్పుడు, ఒకే ఎత్తులో చుట్టుపక్కలంతా ఎలక్ట్రాన్లు సమానంగా ఉన్నాయనుకుంటారు. మన వైపు అది కుదరదు. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర పగలు ప్లాస్మా ఫౌంటెన్‌లా పైకి లేచి, అటూ ఇటూ రెండు గుట్టలుగా పడుతుంది. భారతదేశంలో ఆ రేఖ దక్షిణపు కొసన పోతుంది, ఉత్తరపు గుట్ట అహ్మదాబాద్ వైపు లేస్తుంది. మధ్యలో మనం. ఆ లెక్క ఈ గుట్టల కింద లేని గుహల్ని చూపించింది! పరిశోధకులు కృత్రిమ ఐనోస్ఫియర్‌తో ఇదే లెక్క చేసి చూసి, ఆ గుహలు పద్ధతి పుట్టించినవేనని పట్టుకున్నారు.

2019 జూన్‌లో వెళ్లిన కాస్మిక్-2 ఉపగ్రహాలు భూమధ్యరేఖకి 24 డిగ్రీల వాలులోనే తిరుగుతాయి, అంటే ఉష్ణమండలం మీదే వాటి కాపురం. వాటి కొలతల్లో ప్లాస్మా బుడగలు ఎలా కనిపిస్తాయో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.