కార్జపు జలగకు టీకా ఎందుకు రాలేదు? జీనోమ్ వ్యాలీ పక్కనే ఉన్నా గొర్రెలకు మందే దిక్కు!

మటన్ షాపులో కార్జం కోస్తుంటే లోపల ఆకులా చదునుగా ఉండే పురుగులు ఎప్పుడైనా చూశారా? వాటినే కార్జపు జలగలు అంటారు. ఇంగ్లిష్‌లో లివర్ ఫ్లూక్. పేరుకే జలగ, రక్తం తాగే నీటి జలగతో దీనికి సంబంధం లేదు. మన దగ్గర గొర్రెలు, మేకలు, గేదెల్లో ఎక్కువగా ఉండేది ఫాసియోలా జైగాంటికా అనే రకం.

మేడ్చల్, శామీర్‌పేట వైపు చెరువు శిఖంలో గొర్రెలు మేపేవాళ్లకు కూతవేటు దూరంలోనే జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. కానీ ఈ జలగకు టీకా అక్కడే కాదు, ప్రపంచంలో ఎక్కడా మార్కెట్లో లేదు.

ఇది ఎలా సోకుతుంది?

పేడ, పెంటికలతో పాటు జలగ గుడ్లు నీళ్లలోకి చేరతాయి. పిల్ల పురుగు నత్తలోకి దూరి, అక్కడ పెరిగి, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుంది. (నట్టలు వేరు, నత్తలు వేరు. నత్త లేకపోతే ఈ నట్ట బతకదు.) ఆ గడ్డి మేసిన గొర్రె పేగులో పురుగు గోడను తొలుచుకుని కార్జానికి చేరుతుంది. అక్కడ వారాల తరబడి కండను కొరుక్కుంటూ తిరిగి, చివరికి పైత్యరస నాళాల్లో స్థిరపడి గుడ్లు పెడుతుంది. గొర్రె చిక్కిపోతుంది, రక్తం తగ్గుతుంది, దవడ కింద నీరు దిగుతుంది.

టీకాకు ఎందుకు లొంగట్లేదు?

అసలు చిక్కు ఇక్కడే. ఈ పురుగు ఒంటిపై పొరను తరచూ వదిలేస్తూ కొత్తది వేసుకుంటుంది. దాంతో యాంటీబాడీలు అంటుకున్నా జారిపోతాయి. పైగా గొర్రె రోగనిరోధక శక్తిని దారి మళ్లించే పదార్థాలనూ వదులుతుంది. అది కండను తొలవడానికి వాడే కెథెప్సిన్ ఎల్ అనే ఎంజైమ్‌నే టీకాగా వాడి చూశారు. 1996లో వచ్చిన ఫలితాల్లో, ఈ ఎంజైమ్‌లో ఒక రకాన్ని జలగ హిమోగ్లోబిన్‌తో కలిపి ఇస్తే పశువుల్లో రక్షణ 72 శాతం దాకా కనిపించింది. ఆ తర్వాత రకరకాల టీకాలపై జరిగిన ప్రయోగాల్లో మాత్రం ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రాలేదు.

అలాగని అసాధ్యం కూడా కాదు. ఇండోనేషియాలోని సన్నతోక గొర్రెలు జైగాంటికా రకాన్ని సహజంగానే చాలావరకు చంపేస్తాయి. విచిత్రం ఏంటంటే, దాని చుట్టమే అయిన హెపాటికా రకం ముందు అవీ చేతులెత్తేస్తాయి!

హైదరాబాద్ ఇప్పటికే చేసిన పని

పరాన్నజీవులకు టీకా మన సిటీకి కొత్త కాదు. గచ్చిబౌలి కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇమ్యునోలాజికల్స్‌ను 1982లో ఎన్‌డీడీబీ పెట్టింది. పిడుదుల వల్ల ఆవులకు వచ్చే థైలేరియా జ్వరానికి రక్షావాక్-టి, పందుల్లో బద్దెపురుగు తిత్తులకు సిస్‌వాక్స్ ఈ కంపెనీవే. సిస్‌వాక్స్ వెనక మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధన ఉంది. బద్దెపురుగు పిల్ల దశలో ఉండే ఒక్క ప్రొటీన్‌ను గురిపెడితే సరిపోయింది. జలగ విషయంలో అలాంటి ఒక్క ప్రొటీన్ ఇంకా దొరకలేదు.

మనుషుల మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్ తయారీని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం 2021లో కుదిరింది. ఆ టీకా కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. అయినా డబ్ల్యూహెచ్‌వో అదే ఏడాది ఓకే చెప్పింది. గొర్రెల టీకా లెక్క వేరు. ఇప్పుడు పోస్తున్న మందుకంటే ఖరీదైతే ఏ గొర్రెల కాపరీ కొనడు.

అప్పటిదాకా?

మందే దిక్కు. ఆక్సీక్లోజనైడ్ ప్రధానంగా పెద్ద జలగలపైనే పనిచేస్తుంది. ట్రైక్లాబెండజోల్ పిల్ల పురుగులనూ చంపుతుంది కానీ, ఆస్ట్రేలియాలో 1990ల్లోనే దానికి లొంగని జలగలు బయటపడ్డాయి. ఏది, ఎప్పుడు, ఎంత పోయాలన్నది పశువైద్యుడిని అడగాల్సిందే. మందు పోసిన మందను మళ్లీ అదే బురద గడ్డిలోకి తోలితే జలగ మళ్లీ వస్తుంది.

ఇంతకీ కార్జం ఫ్రై తింటే మనకు సోకుతుందా? సోకదు. మనుషులకు వచ్చేది ప్రధానంగా నీళ్లలో పెరిగే ఆకుకూరలను పచ్చిగా తినడం వల్లే.