బెనారస్ గ్రంథాలయం: సొమ్మెవరిది, చదువెవరిది?

విశ్వవిద్యాలయాల చరిత్ర రాసేవాళ్ళు గ్రంథాలయం దగ్గరికొచ్చేసరికి పుస్తకాల లెక్క చెప్తారు, దాతల పేర్లు చెప్తారు. లోపల కూర్చుని చదివిందెవరో, గేటు దాకా కూడా రాలేనిదెవరో చెప్పరు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయ గ్రంథాలయం కథని ఈ వైపు నుంచి చూడాలి.

ఇది 1917లో మొదలైంది. జస్టిస్ కె.టి. తెలంగ్ జ్ఞాపకంగా కొడుకు పి.కె. తెలంగ్ ఇచ్చిన పుస్తకాలే పునాది. సరిగ్గా అదే ఏడు అంబేద్కర్ బరోడాలో ఉద్యోగంలో చేరాడు. 1913లో తనని కొలంబియాకి పంపిన సంస్థానమే అది. అయినా ఊళ్ళో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని, లాంతరు వెలుగులో పుస్తకాలు చదువుకుంటూ గడిపాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. చదువు ఇప్పించగలిగిన రాజు కూడా గది ఇప్పించలేకపోయాడన్నమాట!

ఆ రాజు శాయాజీరావు గైక్వాడ్. కవ్లానా పల్లెలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, దత్తతతో గద్దెనెక్కినవాడు. అంటరాని పిల్లలకి బడులు తెరిచాడు. 1910లో అమెరికా నుంచి బోర్డెన్‌ని పిలిపించి సంస్థానమంతా గ్రంథాలయాలు పెట్టించాడు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఆయనా, మాలవ్యా, అంబేద్కరూ ఉన్నారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చాక ఆయనిచ్చిన విరాళంతోనే, బ్రిటిష్ మ్యూజియం నమూనాలో బెనారస్ గ్రంథాలయ భవనం లేచింది. 1941లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. రాజుగారి సొమ్మంటే రైతు కట్టిన శిస్తే గదా!

మరి ఆ ఆవరణలో దళిత విద్యార్థి బతుకెట్లా ఉండింది? 1920ల చివర్లో జగ్జీవన్ రామ్ అక్కడ చదివాడు. హాస్టల్లో అన్నం వడ్డించడానికి నిరాకరించారు, మంగలి జుట్టు కత్తిరించనన్నాడు. ఆయన బి.ఎస్సీ. పూర్తి చేసింది 1931లో, కలకత్తాలో.

అదే 1931లో రంగనాథన్ తన పంచసూత్రాల గ్రంథం ప్రచురించాడు. ప్రతి పాఠకుడికీ కావాల్సిన పుస్తకం అందాలన్నది అందులో రెండోది. 1945 నుంచి 1947 దాకా ఆయన ఈ గ్రంథాలయాధికారిగానే పనిచేశాడు. సూత్రం మంచిదే. కాని అది పాఠకుడు లోపలికొచ్చాక పనిచేస్తుంది. కులం అంతకు ముందే, అన్నం పళ్ళెం దగ్గరే పని కానిచ్చేస్తుంది. అక్కడ దళితులు రావద్దని బోర్డు పెట్టాల్సిన అవసరమే లేదు.

కాబట్టి గ్రంథాలయ చరిత్ర రాయాలంటే కేటలాగు ఒక్కటీ చాలదు. అడ్మిషన్ రిజిస్టర్లు, హాస్టల్ లెక్కలు, చదువు మధ్యలో వదిలి వెళ్ళిపోయినవాళ్ళ జ్ఞాపకాలు కూడా తియ్యాలి. ఆ పని మన పరిశోధకులే చెయ్యాలి.