గింజ లేని కాయ

పెరియకుళం ఎక్కడుందో తెలియని తెలుగు రైతు కూడా మునగ విత్తనాల పొట్లం మీద ‘పీకేఎం-1’ అన్న పేరు చూసే ఉంటాడు. ఆ అక్షరాలు తమిళనాట ఉన్న మా ఊరివే. 1980ల చివర ఇక్కడి ఉద్యాన పరిశోధన కేంద్రం ఇచ్చిన మునగ అది. ఊరి పక్కనే వడుగపట్టి, వెల్లుల్లి సంతకు పేరుమోసిన ఊరు. తమిళులు తెలుగువాళ్లను వడుగులనేవారు కాబట్టి ఆ ఊరు ఎవరిదో పేరే చెబుతుంది. ఇక్కడ పడిశం పట్టిందంటే ముందు నలిగేవి వెల్లుల్లి, మిరియాలే. ఆకుతో, కాయతో జబ్బు కుదురుతుందంటే ఎవరూ నోరెళ్లబెట్టరు. ఆకు చేత ఫ్లూ టీకా చేయించడం మాత్రం వేరే సంగతి. అక్కడ ఆకు మందు కాదు, మందు వండే కుండ.

ఆ కుండ మొదట్లో కోడిగుడ్డు. 1945లో అమెరికాలో మామూలు జనానికి ఫ్లూ టీకా అనుమతి పొందింది మొదలు నేటి దాకా ఎక్కువ టీకా తయారవుతున్నది గుడ్డులోనే. పది పదకొండు రోజులు పొదిగిన గుడ్డుకు సన్నటి చిల్లు పెట్టి వైరస్‌ను ఎక్కిస్తారు. అది లోపల పెరిగాక ద్రవం తోడి, వైరస్‌ను చంపి, శుద్ధి చేస్తారు. ఇంచుమించు గుడ్డుకో డోసు. కొత్త రకం ఫ్లూ పుడితే టీకా చేతికందడానికి ఆరు నెలలు. అది కోళ్లను కూడా చంపే రకమైతే అసలు గుడ్లకే కరువు.

మొక్కల మీద ఆశ 1990ల మొదట్లో పుట్టింది. బ్యాంకాక్ సంతలో ఏడుస్తున్న బిడ్డ నోట్లో తల్లి అరటిపండు పెట్టడం చూసి, టీకా కూడా పండులోనే ఉంటే ఎంత బాగుండునని అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ ఆర్న్‌ట్‌జెన్ అనుకున్నాడట. 1992లో ఆయన బృందం హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్‌ను పొగాకు మొక్కలో పుట్టించింది. అరటి తోటల మధ్య పెరిగినవాడిని, నాకు మాత్రం ఆ కల వినగానే అనుమానమే. ఒకే గెలలో పై హస్తం పండూ కింది హస్తం పండూ ఒక్క తీరుగా ఉంటాయా? డోసు దేనితో కొలుస్తారు? పిలక పక్క తోటకు పోతే? టీకా పండు తోపుడు బండెక్కితే? చివరికి ఆ పరిశోధకులే పండు వదిలి, ఎండబెట్టి పొడి చేసిన మొక్కల వైపు మళ్లారు.

మన దగ్గర ఇంకో ముచ్చట. బెంగళూరు ఐఐఎస్‌సీలో జి. లక్ష్మీసీత, ఎం.ఎస్. శైల బృందం పశువుల జబ్బు రిండర్‌పెస్ట్ తెచ్చే వైరస్ తాలూకు హీమగ్లూటినిన్ అనే పైపొర ప్రొటీన్‌ను వేరుశనగ మొక్కలో పుట్టించింది. ఆ మొక్కను మేసిన పశువుల్లో రోగనిరోధక స్పందన కనిపించిందని 2003లో ప్రకటించింది. 2011కి ఆ జబ్బే భూమ్మీద లేకుండా పోయింది. మేత టీకాకు ఇక పనేముంది!

ఫ్లూ విషయంలో అసలు ముందడుగు కెనడాలోని క్యుబెక్‌లో పడింది. మెడికాగో సంస్థ ఎంచుకున్నది నికోటియానా బెంథామియానా, పొగాకుకు దాయాది అయిన ఆస్ట్రేలియా మొక్క. మొక్కలను తలకిందులుగా, ఆకులు మునిగేలా, అగ్రోబ్యాక్టీరియా కలిపిన నీళ్ల తొట్టిలో ముంచుతారు. గాలి లాగేస్తే ఆకుల్లోంచి బుడగలు లేస్తాయి. గాలిని మళ్లీ వదిలితే ఆ నీరంతా ఆకులోకి ఇంకిపోతుంది. నానిన తమలపాకులా ఆకు నల్లబడుతుంది. ఆ బ్యాక్టీరియా మోసుకొచ్చిన జన్యువు చెప్పినట్టు ఆకు కణాలు ఫ్లూ హీమగ్లూటినిన్ తయారుచేస్తాయి. అది కణపు పొర మీద పేరుకుని, చిన్న చిన్న గోళాలుగా తెగి పడుతుంది. చూపుకు వైరసే, లోపల జన్యువు లేదు. కాయ ఉంది, గింజ లేదు. వారం తిరిగేలోపు ఆకులు కోసి, ఆ గోళాలను వేరుచేస్తారు.

2009 స్వైన్‌ఫ్లూ అప్పుడు జన్యుక్రమం తెలిసిన మూడు వారాల్లోనే వాళ్లు తొలి టీకా తీశారు. అదే జబ్బుకు 2010లో హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ కూడా గుడ్డును వదిలి కణవర్ధనంతో హెచ్‌ఎన్‌వ్యాక్ అనే టీకా తెచ్చింది. ఆ సంస్థ పెట్టిన కృష్ణ ఎల్లా తమిళనాట తిరుత్తణి ప్రాంతంలో పుట్టి, వ్యవసాయ శాస్త్రం చదివినవాడు. అయినా ఆకు జోలికి పోలేదు.

వేగం సరే, గురి? పది వేల మందికి పైగా పెద్దల మీద మెడికాగో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. 70 శాతం రక్షణ ఆశిస్తే, సరిపోలిన రకాల మీద దక్కింది 35 శాతం. 2022 ఫిబ్రవరిలో ఇదే పద్ధతిలో చేసిన కోవిడ్ టీకా కోవిఫెంజ్‌కు కెనడా అనుమతిచ్చింది. కంపెనీలో పొగాకు సంస్థ ఫిలిప్ మోరిస్‌కు వాటా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేరదీయలేదు. పొగాకు దాయాదికి పొగాకు సొమ్మే అడ్డం. మరుసటి ఫిబ్రవరికి యజమాని మిత్సుబిషి సంస్థనే మూసేస్తున్నట్టు చెప్పింది.

ఇప్పుడు మా వైపు నుంచి ఒక తోక. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన హెన్రీ డానియెల్ ఆకుల్లోని క్లోరోప్లాస్టులో మందులు పుట్టించడంలో పేరుమోసినవాడు. 2025లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన బృందం అనుములతో చూయింగ్ గమ్ చేసింది. జన్యువు మార్చిన పనేం లేదు. అనుములలో పుట్టుకతోనే ఉండే ఫ్రిల్ అనే ప్రొటీన్ ఫ్లూ వైరస్‌ను పట్టేసుకుంటుంది. రెండు గ్రాముల గమ్‌లో 40 మిల్లీగ్రాములు చాలు, ప్రయోగశాలలో వైరస్ 95 శాతానికి పైగా తగ్గింది. ఇది టీకా కాదు, నోటి దగ్గర కాపలా. అనుముల్ని మా వైపు మొచ్చై అంటారు. సంక్రాంతి ముందు సంతల్లో పచ్చివి గుట్టలు పోసి అమ్ముతారు.